పలాస జీడి ఫ్యాక్టరీల యజమానులకు: డ్రయర్‌కీ కెమెరాకీ ఇంటర్నెట్ ఇచ్చే ముందు

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల యజమానులకూ, సంఘాల పెద్దలకూ నమస్కారం.

కాశీబుగ్గలో ఉంటూ ఆఫీసులకీ దుకాణాలకీ మీ ఫ్యాక్టరీలకీ నెట్‌వర్క్ కేబుళ్లు లాగడం, రౌటర్లూ కెమెరాలూ బిగించి చూసుకోవడం నా పని. మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరి ఆఫీసు గదిలో నిలబడి చెప్పిన మాటని ఇవాళ అందరికీ కలిపి రాస్తున్నాను. ఒకళ్లిద్దరు సరిదిద్దుకున్నంత మాత్రాన తీరేది కాదు ఇది. పక్కపక్క షెడ్లలో ఒకే మనిషి ఒకే పాస్‌వర్డుతో బిగించిన పెట్టెలు ఉన్నచోట అందరూ కలిసి పూనుకోవాలి.

కొన్నేళ్ల కిందటి వరకూ జీడి ఫ్యాక్టరీలో ఇంటర్నెట్ అంటే గుమస్తా కంప్యూటరు, యజమాని ఫోను, అంతే. ఇప్పుడు డ్రయర్‌లో వేడి ఎంతుందో విశాఖలో కూర్చుని ఫోన్లో చూసుకుంటున్నారు. రంగు చూసి పప్పుని వేరుచేసే కలర్ సార్టర్ మొరాయిస్తే కంపెనీ ఇంజినీరు రైలెక్కకుండానే తన ఊరి నుంచి సరిచేస్తున్నాడు. వేలిముద్ర హాజరు మిషను, తూకం కాటా, బాయిలర్ ప్రెషర్ చూపించే మీటరు, గోడౌన్లో తేమ చెప్పే సెన్సరు, ఇరవై నాలుగ్గంటలూ తిరిగే కెమెరాలు, అన్నీ నెట్‌కి తగిలాయి. వాటిని వద్దని నేను అనను. పిక్కల (పెంకు తీయని జీడిగింజల) ధర చేతిలో లేని వ్యాపారంలో గుండ్లు (విరగని పప్పు) బద్దలు కాకుండా, పప్పు మాడకుండా కాపాడే ఏ సాధనమైనా మీకు అవసరమే. కాకపోతే ఇవన్నీ వచ్చి చేరుతున్నది లెక్కల ప్రోగ్రాము ట్యాలీ నడిచే, జీఎస్టీ రిటర్నులు వేసే, బ్యాంకు ఆర్‌టీజీఎస్‌లు పంపే కంప్యూటరు ఉన్న ఆ ఒక్క రౌటరుకే. నా బాధంతా అక్కడే.

అందుకని మిమ్మల్ని అడిగేది రెండే. నెట్‌కి తగిలించే ప్రతి మిషనునీ, ప్రతి కెమెరానీ ఆఫీసు కంప్యూటర్ల నుంచి వేరుచేసిన నెట్‌వర్క్‌లో పెట్టండి. దాని పాస్‌వర్డు బిగించినవాడి దగ్గర కాకుండా ఫ్యాక్టరీ దగ్గర ఉండేలా చూసుకోండి.

ఈ వేరుచేయడం మీకు కొత్త కాదు. పిక్కలు కొట్టే షెడ్డూ పప్పు ప్యాక్ చేసే గదీ ఒక్కచోట పెట్టిన యజమాని మన దగ్గర ఒక్కరూ లేరు. జీడి నూనె అంటిన చెయ్యి పప్పుని తాకితే ఆ మచ్చ పోదు, ఆ లాటు అమ్ముడుపోదు. అందుకే మధ్యలో గోడ కట్టారు, ఇటు పనివాళ్లని అటు పోనివ్వరు. నెట్‌వర్క్‌లో నేను కట్టమంటున్నది ఆ గోడే.

ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో దగ్గర నుంచి చెప్తాను. ఆఫీసు గదిలో దేవుడి పటం కింద, గోడకి కొట్టిన ఇనుప స్టాండు మీద కెమెరాల రికార్డు దాచే డీవీఆర్ పెట్టె ఉంటుంది. దాని మూత మీద కంపెనీ అంటించిన క్యూఆర్ స్టిక్కరు ఉంటుంది. ఫోన్లో యాప్ తెరిచి ఆ స్టిక్కరుని స్కాన్ చేసి పాస్‌వర్డు కొడితే చాలు, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా మీ ఫ్యాక్టరీ కనిపిస్తుంది. పాస్‌వర్డు కోసం వెతకక్కర్లేదు. స్టిక్కరు పక్కనే నల్ల మార్కరుతో రాసి ఉంటుంది: యూజర్ అడ్మిన్, పాస్‌వర్డు అడ్మిన్ పక్కన మూడు అంకెలు. బిల్లు కట్టడానికి వచ్చినవాడు, టీ తెచ్చిన కుర్రాడు, లారీ డ్రైవరు, ఎవరైనా ఒక్క ఫొటో తీసుకుంటే సరిపోతుంది. బిగించిన కుర్రాడి ఫోన్లో ఎలాగూ ఉంది. వాడు ఆ పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయినా అతని ఫోన్లో మీ ఫ్యాక్టరీ అలాగే కనిపిస్తూ ఉంటుంది. పాత మేస్త్రీ ఫోన్లో కూడా. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. ఎవరు చూస్తున్నారో మీకు తెలియకపోవడమే ప్రమాదం అంటున్నాను.

ఆ కెమెరాలు దేన్ని చూస్తున్నాయి? పీలింగ్ గదినీ, గ్రేడింగ్ బల్లల్నీ. అక్కడ పనిచేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. పొద్దున్నే క్యారేజీలు పట్టుకుని ఉద్దానం ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే అమ్మలూ అక్కలూ. ఎండకాలంలో ఆ రేకుల షెడ్డులో పైట సర్దుకుంటారు, మధ్యాహ్నం ఓ మూల నడుం వాలుస్తారు, చంటిపిల్లకి పాలిస్తారు. వాళ్లకి తెలిసినంతవరకూ ఆ కెమెరాని చూసేది యజమాని ఒక్కడే. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోని దృశ్యాలు, పరీక్ష గదిలో ఉన్న ఆడవాళ్లవి, యూట్యూబ్‌లో ముక్కలుగా పెట్టి టెలిగ్రామ్‌లో డబ్బుకి అమ్మారు. పోలీసులు కొందర్ని అరెస్టు చేశారు. అక్కడ కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డునే మార్చకుండా వాడారని వార్తల్లో వచ్చింది. ఆ కబురు చదివిన రోజు నుంచి మన పీలింగ్ షెడ్లలోకి వెళ్లినప్పుడల్లా నా చూపు ముందు కెమెరా మీదకే పోతోంది. అలాంటిది మన ఊళ్లో జరిగితే ఆ అమ్మాయి మళ్లీ పనికి రాగలదా? ఆ ఇంట్లో వాళ్లకి మీరేం చెప్తారు?

కాబట్టి ముందు కెమెరాల సంగతి. ఆడవాళ్లు విశ్రాంతి తీసుకునే చోట, బట్టలు మార్చుకునే చోట కెమెరా ఉండకూడదు, దొంగతనం భయం ఎంతున్నా సరే. సరుకు తూకం, గేటు, గోడౌన్, డబ్బులిచ్చే బల్ల, వీటి మీద పెట్టుకోండి. షెడ్డులో పెట్టాల్సి వస్తే బల్లల మీద చేతుల పని కనిపించేలా తిప్పండి. కెమెరా ఎక్కడుందో, రికార్డు ఎన్నాళ్లు ఉంటుందో, ఎవరు చూస్తారో పనివాళ్లకి తెలుగులో రాసి గోడకి అంటించండి.

కొందరు నాతో అంటారు: “మనది పలాస బాబూ, మన ఫ్యాక్టరీని హ్యాక్ చేసి ఎవడికేం లాభం?” న్యాయమైన ప్రశ్నే. జవాబు 2016లో దొరికింది. మిరాయ్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్ మొత్తం మీద కెమెరాలూ డీవీఆర్‌లూ రౌటర్లూ ఎక్కడున్నాయో తనంతట తానే వెతుక్కుంటూ తిరిగింది. దాని దగ్గర ఉన్నది అరవై పైచిలుకు యూజర్ పేర్లూ పాస్‌వర్డుల జాబితా, అంతే. అన్నీ కంపెనీలు పెట్టి పంపే పాస్‌వర్డులే. ఒక్కొక్కటే కొట్టి చూసి, తెరుచుకున్న ప్రతి పెట్టెనీ తన సైన్యంలో చేర్చుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పెట్టెలన్నీ కలిసి, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్ రాసింది ముగ్గురు కుర్రాళ్లు. 2017 డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కానీ అప్పటికే దాని కోడ్ బయటికి వచ్చేసింది, దాని పిల్లలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ ప్రోగ్రాముకి పలాస ఏదో పారిస్ ఏదో తెలియదు. తెరుచుకున్న పెట్టె కనపడితే చాలు. ఎవరూ మిమ్మల్ని ఎంచుకోనక్కర్లేదు.

“మాకు పబ్లిక్ ఐపీ లేదు, బయటివాళ్లు లోపలికి రాలేరు” అని ఇంకో మాట వినిపిస్తుంది. పబ్లిక్ ఐపీ అంటే ఇంటర్నెట్‌లో బయటి నుంచి నేరుగా చేరుకోగల చిరునామా. ఈ మాట చెప్పేది సాధారణంగా కెమెరాలు బిగించేవాళ్లే. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లకి పబ్లిక్ ఐపీ ఉండదన్నది నిజం. అందుకే ఆ డీవీఆర్ తనంతట తానే బయటికి వెళ్లి కంపెనీ సర్వరుతో మాట్లాడి దారి తెరిచి ఉంచుతుంది. స్టిక్కరు స్కాన్ చేయగానే మీ ఫ్యాక్టరీ కనిపించేది ఆ దారిలోనే. ఫోన్లో మీకు కనిపిస్తోందంటే బయటి నుంచి లోపలికి దారి ఉన్నట్టే.

పాస్‌వర్డు మార్చితే పని అయిపోయిందనుకోవద్దు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో చాలా మోడళ్లలో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డు తెలియకపోయినా కెమెరాని పూర్తిగా చేజిక్కించుకోగలిగేంత పెద్దది. కంపెనీ సరిచేసిన ఫర్మ్‌వేర్ (పెట్టె లోపల నడిచే ప్రోగ్రాము) ఇచ్చింది. కానీ గుర్తుపెట్టుకుని ఒక్కో కెమెరాకీ ఆ అప్‌డేట్ వేసేవాళ్లు ఎవరు? బిగించాక దాని ఫర్మ్‌వేర్ ముట్టుకోని ఫ్యాక్టరీలే మన దగ్గర ఎక్కువ. దీనికి ఒక మనిషినీ ఒక తేదీనీ పెట్టుకోవాలి. ఏడాదికి రెండుసార్లు, పిక్కల సీజను ముందొకసారీ దసరాకి ఆయుధపూజ నాడొకసారీ, అన్ని పెట్టెలకీ అప్‌డేట్ చూడాలి. మిషన్లకి పూజ చేసే రోజునే వాటి ఫర్మ్‌వేర్ కూడా చూడడం మంచి అలవాటు అవుతుంది.

మిషన్ల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కెమెరాలంత కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు. డ్రయర్ కంట్రోలు పెట్టెలో ఉండే కంట్రోలర్లు చాలావరకు మోడ్‌బస్ అనే భాషలో మాట్లాడుకుంటాయి. అది 1979లో తయారైంది. అప్పట్లో మిషన్లు ఒకే గదిలో ఒకే తీగ మీద ఉండేవి కాబట్టి అందులో పాస్‌వర్డు అన్నదే పెట్టలేదు. అదే భాష ఇప్పుడు నెట్‌వర్క్ కేబులు మీద నడుస్తోంది. అదే వైఫైలో ఉన్న ఏ ఫోనైనా, వైరస్ పట్టిన ఏ ల్యాప్‌టాప్ అయినా డ్రయర్‌ని ఎంత వేడి పెట్టమంటే అంత పెడుతుంది, నువ్వెవరు అని అడగదు. డెబ్బై డిగ్రీల దగ్గర ఉండాల్సిన వేడి రాత్రి పూట తొంభైకి పోతే తెల్లారేసరికి ట్రేలన్నీ ఏమవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. డబ్ల్యూ-320 గ్రేడు గుండ్లుగా అమ్మాల్సిన పప్పు మాడిన గుండ్ల కింద పోతుంది. అందుకే ఏ నెట్‌వర్క్ ఏర్పాటుకైనా ముందు ఒక పని చేయించండి: వేడి హద్దు దాటితే కరెంటు తీసేసే విడి థర్మోస్టాట్ డ్రయర్‌కి ఉండాలి, బాయిలర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉన్నట్టే. నెట్‌తో, యాప్‌తో దానికి సంబంధమే ఉండకూడదు.

ఇలాంటివి మన జిల్లాకి రావనుకుంటే 2017 మే గుర్తు చేసుకోండి. వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి, వాటిలో శ్రీకాకుళం జిల్లావీ ఉన్నాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వెయ్యని చోట్ల వైరస్ ఒక కంప్యూటరు నుంచి అదే నెట్‌వర్క్‌లోని పక్క కంప్యూటరుకి దానంతట అదే పాకింది. గుమస్తా కంప్యూటరుకీ కలర్ సార్టర్ లోపల ఉండే పాత విండోస్‌కీ మధ్య గోడ లేకపోతే రేపు అటువంటిది వచ్చినప్పుడు ట్యాలీ లెక్కలూ మిషనూ ఒకేసారి ఆగిపోతాయి.

గోడ కట్టడం ఎలా? అనుకున్నంత ఖర్చు కాదు. వీల్యాన్ (ఒకే తీగల మీద వేరువేరు నెట్‌వర్కులు చేసే ఏర్పాటు) పెట్టగలిగే రౌటరు ఒకటి, ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (కేబుళ్లు కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టె) ఒకటి. రెండూ కలిపి రెండు మూడు బస్తాల పిక్కల ధరకి మించవు. వాటితో నాలుగు వేరువేరు నెట్‌వర్కులు చేయవచ్చు: ఆఫీసు కంప్యూటర్లు ఒకటి, కెమెరాలు ఒకటి, డ్రయర్, సార్టర్ లాంటి మిషన్లు ఒకటి, పనివాళ్ల ఫోన్లకీ వచ్చిపోయేవాళ్లకీ ఒకటి. వీల్యాన్ పేరుకి పెట్టి వదిలేస్తే లాభం లేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి దారి లేకుండా రౌటరులో ఫైర్‌వాల్ రూలు రాయాలి. రాసింది పనిచేస్తోందని మీ కళ్లముందే చూపించమనండి. కెమెరా నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్ పెట్టి ట్యాలీ కంప్యూటరుని పింగ్ చేస్తే (నెట్‌వర్క్ మీద పలకరించి చూస్తే) జవాబు రాకూడదు. అది చూశాకే డబ్బులివ్వండి.

కొత్తగా కెమెరాలు పెట్టేవాళ్లకి ఇంకో తేలిక దారి ఉంది. వెనకాల పీవోఈ పోర్టులున్న (ఒకే కేబులులో కరెంటూ నెట్‌వర్కూ ఇచ్చే) ఎన్‌వీఆర్, అంటే నెట్‌వర్క్ కెమెరాల రికార్డు పెట్టె, కొని కెమెరా కేబుళ్లన్నీ నేరుగా దానికే పెడితే, కెమెరాలు ఆ పెట్టె వెనక తమ సొంత నెట్‌వర్క్‌లో ఉండిపోతాయి. బయటికి కనిపించేది ఎన్‌వీఆర్ ఒక్కటే, జాగ్రత్త తీసుకోవాల్సిందీ ఆ ఒక్కదానికే. ఇంటి నుంచి చూడాలంటే రౌటరులో వీపీఎన్ (మీరు అనుమతించినవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) పెట్టించుకోండి, స్టిక్కరు దారి మూసేయండి. రౌటరులో యూపీఎన్‌పీ అనేది ఆన్‌లో ఉంటే ఆపేయించండి. మిమ్మల్ని అడక్కుండానే లోపలి పెట్టెలు బయటికి పోర్టులు తెరుచుకునేది దానితోనే. ఏ ఖర్చూ పెట్టలేని చిన్న యూనిట్లు ఇప్పుడున్న రౌటరులోనే గెస్ట్ వైఫై ఆన్ చేసి స్మార్ట్ ప్లగ్గులూ బల్బులూ ఫోన్లూ అన్నిటినీ అందులోకి మార్చండి. పూర్తి రక్షణ కాదు కానీ ఇవాళే అయిపోయే పని.

తుపాన్ల ఊరు మనది, ఆ మాట లేకుండా ఇది పూర్తికాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు కూలిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటప్పుడు నెట్ లేనిదే తిరగనని మొండికేసే మిషను మీకెందుకు? జనరేటరు వేసుకుని పని మొదలుపెట్టాలంటే డ్రయర్ దగ్గరే బటన్లతో నడవాలి. కొనేటప్పుడే సేల్స్‌మన్‌ని అడగండి: నెట్ తీసేసి నడిపి చూపిస్తావా? చూపించలేకపోతే కొనకండి. ఇంకొకటి, నేను పదేపదే చూసేది. కరెంటు పోయి వచ్చాక రౌటరు సరిగా పనిచేయకపోతే ఎవరో ఒకరు సన్న పుల్లతో రీసెట్ బటన్ నొక్కేస్తారు. నెట్ వచ్చేస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఆ ఒక్క నొక్కుతో మార్చిన పాస్‌వర్డులూ, రాసిన రూళ్లూ అన్నీ చెరిగిపోయి పెట్టె కొన్ననాటి స్థితికి వెళ్లిపోతుంది. సెట్టింగుల బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో తీయించి బీరువాలో పెట్టండి. రీసెట్ కొట్టే అధికారం ఎవరికుందో ఒక పేరు రాసి పెట్టండి.

సంఘం పెద్దలకి ప్రత్యేకంగా ఒక విన్నపం. పాస్‌వర్డు ఇవ్వమంటే ఇవ్వని ఒక మిషన్ల సరఫరాదారు వల్ల మన దగ్గర ఒక యూనిట్ ఎంత ఇబ్బంది పడిందో నేను దగ్గరుండి చూశాను. ఏ చిన్న మార్పుకైనా వాళ్ల ఇంజినీరే రావాలి, ఆయనకి వీలైనప్పుడే మిషను తిరగాలి. పైగా దూరం నుంచి కంప్యూటరుని నడిపించే ఎనీడెస్క్ ప్రోగ్రాము ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలని షరతు. ఒక్క యజమాని గొడవ పడితే వాళ్లు లెక్కచేయరు. సంఘం తరఫున ఒకే కాగితం తయారుచేసి, దాని మీద సంతకం పెట్టని ఏ కంపెనీ దగ్గరా, ఏ కెమెరా కాంట్రాక్టరు దగ్గరా ఎవరూ కొనకూడదని తీర్మానించండి. పని ముగిసిన రోజే అడ్మిన్ పాస్‌వర్డు యజమానికి అప్పగించాలని, దూరం నుంచి సరిచేయడానికి వచ్చే దారి మనం పిలిచినప్పుడే తెరిచి పని కాగానే మూసేయాలని, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో బిల్లు మీదే రాయాలని అందులో ఉండాలి. కెమెరాల విషయంలో మీకు చట్టం తోడుంది. భద్రతా పరీక్షలు పాసైన కెమెరాలే అమ్మాలన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. పాత సరుకు అంటగట్టబోయినవాడిని పరీక్ష సర్టిఫికెట్ చూపించమనండి. అయితే అంతకుముందు మీ గోడల మీద బిగించినవి ఆ పరీక్ష దాటినవి కాకపోవచ్చని మర్చిపోకండి.

ఏదైనా జరిగితే దాచుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడిని గమనించిన ఆరు గంటల్లోపు దానికి తెలియజేయాలి. స్మార్ట్ పరికరాల మీద జరిగేవీ ఆ జాబితాలో ఉన్నాయి. డబ్బు పోయిందంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బుని ఆపే అవకాశం ఉంటుంది. పరువు పోతుందని ఊరుకుంటే పక్క షెడ్డువాళ్లకి కూడా అదే జరుగుతుంది, ఎందుకంటే వాళ్ల పెట్టె బిగించిందీ అదే మనిషి.

మార్చిలో పిక్కలు దిగడం మొదలైతే మీకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఆలోపే సంఘం ఒక సమావేశం పెట్టాలని కోరుతున్నాను. వచ్చేటప్పుడు ప్రతి యూనిట్ నుంచి ఒక కాగితం తేవాలి: నెట్‌కి తగిలి ఉన్న వస్తువులేవి, ఎవరు బిగించారు, పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది, ఎవరెవరి ఫోన్లలో కనిపిస్తోంది. చివరి రెండు గళ్లు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, తీసుకురండి. పీలింగ్ సెక్షన్ నుంచి ఇద్దరు ఆడవాళ్లని కూడా పిలవండి, కెమెరాల గురించి వాళ్ల మాట వినాలి. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఏదో ఒక యూనిట్ ముందుకొస్తే అక్కడ నాలుగు నెట్‌వర్కులూ వేరుచేసి అందరికీ చూపిస్తాను. సామాను ఖర్చు వాళ్లది, నా కూలి నాకొద్దు. ఎస్టేట్ అంతటికీ కలిపి ఒక మనిషిని జీతానికి పెట్టుకునే ఆలోచన కూడా ఆ రోజే తేల్చుకుందాం. మన డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లల్లో ఈ పని నేర్చుకోగలవాళ్లు ఉన్నారు, నేర్పడానికి నేనున్నాను. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
కాశీబుగ్గలో నెట్‌వర్క్ పని చేసుకునే మీ ఊరివాడు